మన ఊరికి ట్రాం ఎందుకు రాలేదు? మద్రాసు తొలి కరెంటు ట్రాంబళ్ల గురించి తెలిసినవారు చెప్పగలరు

మూసీతీరం:

అందరికీ నమస్కారం. నేను చిక్కడపల్లి ప్రాంతంలో సాంఘికశాస్త్రం బోధిస్తాను. పదో తరగతి పిల్లలతో నగర రవాణా మీద ఒక చిన్న ప్రదర్శన తయారు చేయిస్తున్నాను. టాంగాలు, రిక్షాలు, డబుల్ డెక్కర్ బస్సులు, ఎంఎంటీఎస్, మెట్రో వరకు బొమ్మలతో చార్టులు సిద్ధమయ్యాయి. నిన్న ఒక అమ్మాయి లేచి, "సార్, మద్రాసుకు, కలకత్తాకు, బొంబాయికి ట్రాం వచ్చింది కదా, నిజాం గారికి అంత సంపద ఉండి కూడా హైదరాబాదుకు ఎందుకు రాలేదు?" అని అడిగింది. నా దగ్గర సరైన జవాబు లేదు. చార్టులో మాత్రం "భారతదేశపు మొదటి ట్రాం, మద్రాసు, 1895" అని రాయించాను. అది సరిగా ఉందో లేదో చూసి చెప్పండి. ఆ ట్రాం ఎలా నడిచేదో, ఎందుకు ఆగిపోయిందో కూడా పిల్లలకు అర్థమయ్యేలా వివరించగలిగితే ఎంతో మేలు చేసినవారవుతారు.

కాచిగూడ చదువరి:

మాస్టారూ, చార్టులో ఒక మాట చేర్చాలి. మద్రాసుది మొదటి ట్రాం కాదు, మొదటి కరెంటు ట్రాం. పట్టాల మీద గుర్రాలు లాగిన ట్రాం అంతకు 22 ఏళ్ల ముందే కలకత్తాలో వచ్చింది. 1873 ఫిబ్రవరి 24న సియాల్దా నుంచి అర్మీనియన్ ఘాట్ వరకు, నాలుగు కిలోమీటర్ల లోపు దూరం అది నడిచింది. జనం తగినంతగా ఎక్కకపోవడంతో అదే ఏడాది నవంబరు 20న ఆపివేశారు. మరుసటి ఏడాది, అంటే 1874 మే 9న, బొంబాయిలో గుర్రపు ట్రాం మొదలైంది. కలకత్తాలో 1880 చివర లండన్‌లో నమోదైన కొత్త కంపెనీ ఆ పనిని మళ్లీ చేపట్టింది. ఆ శతాబ్దం ముగిసే నాటికి ఆ కంపెనీ చేతిలో 166 ట్రాంబళ్లు, వెయ్యి గుర్రాలు, ఏడు ఆవిరి ఇంజన్లు ఉండేవి.

ఆ వెయ్యి గుర్రాల సంగతి పిల్లలకు తప్పకుండా చెప్పండి. వేసవి ఎండలో పొద్దంతా బండి లాగాలంటే ఒక్కో బండికి పూటకొక జత మార్చాలి. దాణా, గడ్డి, లాడాలు, సాలలు, వైద్యం, వాటికి తోడు వీధుల్లో పేడ ఎత్తించడం, ఇదంతా కంపెనీ ఖర్చే. బండి నిలబడి ఉన్న రోజున కూడా గుర్రానికి మేత పెట్టక తప్పదు. కరెంటు మోటారు వైపు ట్రాం కంపెనీలు అంత ఆత్రంగా చూడడానికి ఇదే ముఖ్య కారణమని నా అభిప్రాయం.

మూసీతీరం:

చదువరి గారికి కృతజ్ఞతలు. "మొదటి కరెంటు ట్రాం" అని ఈరోజే దిద్దిస్తాను. మద్రాసు వివరాలు తెలిసినవారు ఇంకా ఎవరైనా ఉన్నారా?

పట్టాలబాట:

ముప్పై ఏళ్లకు పైగా రైల్వేలో విద్యుత్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను కనుక ఇది నాకు ఇష్టమైన విషయం. కొంచెం నిడివిగా రాస్తున్నాను, ఓపికతో చదవండి.

మద్రాసు కరెంటు ట్రాం 1895 మే 7న మొదలైంది. ఆ తేదీ ఎంత ముందుదో పోల్చి చూస్తే తప్ప తెలియదు. పెద్ద ఎత్తున నమ్మకంగా నడిచిన మొదటి కరెంటు ట్రాం వ్యవస్థను అమెరికాలోని రిచ్‌మండ్ నగరంలో ఫ్రాంక్ స్ప్రేగ్ నిలబెట్టింది 1888లో. దానికి ఏడేళ్లకే మద్రాసులో బండి కదిలింది. సాక్షాత్తూ లండన్ నగరంలో మామూలు ప్రయాణికుల కోసం కరెంటు ట్రాం నడవడం 1901లో గాని మొదలు కాలేదు. మన దేశంలోనైతే డార్జిలింగ్ దగ్గర సిద్రాపాంగ్ జలవిద్యుత్ కేంద్రం 1897లో వచ్చింది, కలకత్తాలో కరెంటు కంపెనీ 1899లో ఉత్పత్తి ప్రారంభించింది. అంటే ఆ రెండింటికీ ముందే మద్రాసు వీధుల్లో కరెంటుతో బండి నడిచింది. ఇళ్లలో దీపం వెలగడానికి ముందే వీధిలో బండి కదిలిందన్న ఈ వరుస నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. ఊరంతటికీ కరెంటు ఇచ్చే సంస్థ లేని రోజుల్లో ట్రాం నడపాలనుకున్నవాడు బాయిలర్లు, డైనమోలు కూడా తానే పెట్టుకోవాలి.

ఇక అసలు సంగతి. మద్రాసు ట్రాంకు మొదట్లో పైన తీగ లేదు. రెండు పట్టాల నడుమ నేలలో ఒక కాలువ తవ్వి, దానిలో రెండు కరెంటు కడ్డీలు అమర్చి, పైన అంగుళం మేరకు సన్నని గాడి మాత్రం తెరిచి ఉంచారు. బండి అడుగు నుంచి ఒక పలుచని పలక ఆ గాడిలోంచి కిందికి దిగి, లోపలి కడ్డీలను తాకుతూ, బండితోపాటు జరుగుతూ కరెంటు అందుకునేది. దీన్ని కండ్యూట్ పద్ధతి అంటారు. ఆ కాలపు నగర పెద్దలకు వీధిమీద తీగలు వేలాడడం నచ్చేది కాదు. తెగిపడితే ప్రమాదమనీ, ఊరి అందం చెడుతుందనీ భావించేవారు. అందుచేత పెద్ద నగరాల్లో చాలాచోట్ల ఈ నేలకింది పద్ధతిని మేలైనదిగా ఎంచారు.

మద్రాసు నేల దానికి ఒప్పుకోలేదు. ఆ ఊరు సముద్రమట్టానికి కొన్ని అడుగుల ఎత్తులో, అరచేయిలా చదునుగా ఉంటుంది. వర్షమంటే మనకు జూన్, జూలై నెలలు గుర్తుకొస్తాయి గాని, వారికి అసలు వర్షం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో, తుపానులతో కుంభవృష్టిగా పడుతుంది. మే నెల ఎండలో చక్కగా నడిచిన బండికి అలాంటి వాన వచ్చేసరికి గాడి నిండా నీరు, నీటితో పాటు ఇసుక, బురద. వీధి నీరు పోవడానికే వాలు లేని చోట దానికన్నా లోతున ఉన్న కాలువలోంచి నీరు ఎక్కడికి పోతుంది? కరెంటు కడ్డీలు నీట మునిగితే కరెంటు మోటారుకు చేరే లోపే నేలలోకి జారిపోతుంది. చివరకు కాలువను వదిలేసి, స్తంభాలు పాతి, పైన తీగ లాగక తప్పలేదు.

ఈ పొరపాటు మద్రాసు ఒక్కదానిదే కాదు. ఇంగ్లండులో సముద్రపు ఒడ్డున ఉన్న బ్లాక్‌పూల్ పట్టణం 1885లో ఇదే పద్ధతితో ట్రాం మొదలుపెట్టి, ఉప్పునీటితో, ఇసుకతో విసిగి 1899లో పై తీగకు మారింది. అయితే కండ్యూట్ పద్ధతే పనికిరానిదని పిల్లలకు చెప్పకండి. లండన్‌లో అది 1952 వరకు, వాషింగ్టన్‌లో 1962 వరకు నడిచింది. కాలువకు అడుగడుగునా మురుగునీటి గొట్టాలు కలిపి, ఎప్పటికప్పుడు శుభ్రం చేయించే స్తోమత ఉన్న ఊళ్లలో అది నిలిచింది. సముద్రం పక్కన, వాలులేని నేలలో, పరిమితమైన పెట్టుబడి ఉన్న కంపెనీకి అది తగిన ఎంపిక కాదు.

నల్లకుంట వాసి:

పట్టాలబాట గారూ, చాలా చక్కగా వివరించారు. ఒక సందేహం. పై తీగ ఒక్కటే ఉంటే కరెంటు వెనక్కి ఎలా వెళ్తుంది? కాలువలో రెండు కడ్డీలు ఉండేవన్నారు, మరి పైన రెండు తీగలు ఉండాలి కదా?

పట్టాలబాట:

మంచి ప్రశ్న. తిరుగు దారి పట్టాలే. పై తీగ నుంచి బండి నెత్తిన ఉన్న పొడవాటి కర్ర ద్వారా కరెంటు దిగుతుంది. ఆ కర్ర కొసన గాడి ఉన్న చిన్న కప్పీ చక్రం ఉంటుంది, అది తీగను కిందినుంచి తాకుతూ దొర్లుతుంది. అక్కడి నుంచి డ్రైవరు ముందున్న కంట్రోలర్‌కు, దానినుంచి మోటార్లకు, చక్రాలకు, పట్టాలకు చేరి, పట్టాల వెంబడే విద్యుత్ కేంద్రానికి తిరిగి వెళ్తుంది. ఇది సుమారు 500 నుంచి 600 వోల్టుల డీసీ కరెంటు. రబ్బరు చక్రాల ట్రాలీబస్సుకు పట్టాలు ఉండవు గనుకనే దానికి పైన రెండు తీగలు కావాలి.

కంట్రోలర్ గురించి కూడా రెండు ముక్కలు. ఆ రోజుల బండికి సాధారణంగా రెండు మోటార్లు ఉండేవి. బండి కదిలేటప్పుడు ఆ రెండింటినీ ఒకదాని వెనుక ఒకటిగా కలిపి, వేగం అందుకున్నాక పక్కపక్కన కలిపేవారు. ఇత్తడి పిడిని ఒక్కో మెట్టు తిప్పుతూ డ్రైవరు చేసే పని ఇదే. పదో తరగతి భౌతికశాస్త్రంలో శ్రేణి సంధానం, సమాంతర సంధానం అని చదివే పాఠం ఇక్కడ చేతికి అందేంత దగ్గరగా కనిపిస్తుంది. మీ స్కూలు భౌతికశాస్త్రం టీచరు గారికి ఈ బొమ్మ చూపించండి.

చెన్నపట్నం జ్ఞాపకం:

మా తాతగారు గుంటూరు జిల్లా నుంచి వెళ్లి 1940లలో మద్రాసులో చదువుకున్నారు. పట్టాలబాట గారు చెప్పిన ఆ కర్ర గురించి ఆయన పదేపదే చెప్పేవారు. మలుపు తిరిగేటప్పుడు ఒక్కోసారి కర్ర తీగ నుంచి జారిపోయేదట. రాత్రిపూట అయితే బండిలోని దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయేవి. అప్పుడు కండక్టరు దిగి, బండి వెనుక కట్టిన తాడు పట్టుకుని, చీకట్లో తల పైకెత్తి, కప్పీని మళ్లీ తీగ కిందికి చేర్చేవాడు. నిప్పురవ్వ ఒకటి చిటుక్కుమనగానే దీపాలు వెలిగేవి, అందరూ ఊపిరి పీల్చుకునేవారు. ఆయన ఎప్పుడూ "ట్రాము" అనలేదు, "ట్రాంబండి" అనేవారు. ఊరినుంచి మొదటిసారి వచ్చిన వారికి గుర్రం లేని, పొగ లేని బండి దానంతట అదే కదలడం వింతగా ఉండేదనీ, తనకు కూడా మొదటి రోజున ఎక్కడానికి కాలు ఆడలేదనీ చెప్పేవారు.

ఈ విషయం మన తెలుగువారికి ఊరికే పొరుగూరి కథ కాదని నా మనవి. రాయలసీమ, కోస్తా జిల్లాలకు మద్రాసే రాజధాని. కోర్టు పనికి, కాలేజీకి, పత్రికాఫీసుకు, సినిమా స్టూడియోకు వెళ్లిన తెలుగువాడు ప్యారీస్ కార్నర్ దగ్గరా, మౌంట్ రోడ్డు మీదా ఎక్కింది ఈ బండే. అది చివరిసారి నడిచింది 1953 ఏప్రిల్ 12న. ఆరు నెలలు తిరగకముందే, అక్టోబరు 1న, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఈ రెండింటికీ సంబంధం లేదని నాకు తెలుసు. కాని మా తాతగారి మనసులో మాత్రం అవి విడిగా ఉండేవి కావు. "ట్రాంబండి పోయిన ఏడే మనమూ వచ్చేశాం" అని ఆయన ఏళ్లు లెక్క కట్టేవారు.

కాచిగూడ చదువరి:

ఈ జ్ఞాపకాన్ని పంచుకున్నందుకు మీకు కృతజ్ఞతలు. లెక్క చూస్తే మద్రాసు ట్రాం 58 ఏళ్లకు 25 రోజులు తక్కువగా నడిచింది. 1921 నాటికి 24 కిలోమీటర్ల పట్టాల మీద 97 బళ్లు ఉండేవి. బళ్లన్నీ ఒకేసారి బయటికి వస్తే సగటున పావు కిలోమీటరుకు ఒక బండి. ఒక బండి తప్పిపోయినా కనుచూపు మేరలో రెండోది ఉండేదన్నమాట. మౌంట్ రోడ్డు, ప్యారీస్ కార్నర్, పూనమల్లి రోడ్డు, రిప్పన్ భవనం, ఇవన్నీ ఆ దారిలోనివే.

ఇంకొక విశేషం. బొంబాయిలో కరెంటు ట్రాం మొదలైంది 1907 మే 7న. మద్రాసుకు సరిగ్గా పన్నెండేళ్ల తరువాత, అదే తేదీన. కలకత్తాలో అంతకుముందే, 1902 మార్చి 27న ఎస్ప్లనేడ్ నుంచి కిద్దర్‌పూర్ వరకు నడిచింది. కాన్పూరుకు 1907లో, ఢిల్లీకి 1908లో వచ్చింది.

నల్లకుంట వాసి:

మరి ఎందుకు ఆపేశారు? బస్సు వచ్చి ట్రాంను చంపేసిందని అందరూ అంటారు. అంతేనా?

పట్టాలబాట:

బస్సు ఒక కారణమే గాని, అదొక్కటే చెబితే సగమే చెప్పినట్లు. మద్రాసు కంపెనీ 1950 ప్రాంతానికే దివాలా స్థితికి చేరింది. అంతకుముందు రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు కరువు వల్ల దేశమంతటా ట్రాంల మీద జనం విరగబడ్డారు. ఆ రద్దీకి పట్టాలు, చక్రాలు, మోటార్లు అరిగిపోతుంటే, వాటిని మార్చడానికి సామాను దొరికేది కాదు. యుద్ధం ముగిసేసరికి ఏ ట్రాం కంపెనీకైనా ఒకేసారి పెద్ద ఖర్చు మీద పడింది. బస్సుకు రోడ్డు ఉంటే చాలు. ట్రాంకు రోడ్డుతో పాటు పట్టా, తీగ, స్తంభం, సబ్‌స్టేషను అన్నీ కావాలి. పైగా బ్రిటిషు ట్రాం చట్టంలో 1870 నుంచి ఒక నియమం ఉండేది. పట్టాల నడుమ రోడ్డునూ, వాటికి చెరో పక్క 18 అంగుళాల మేర రోడ్డునూ ట్రాం కంపెనీయే బాగుచేయించాలి. గుర్రపు డెక్కలు పట్టాల నడుమ రాళ్లను అరగదీసే రోజుల్లో అది న్యాయమే. గుర్రాలు పోయాక కూడా ఆ నియమం పోలేదు. కంపెనీ బాగుచేయించిన రోడ్డు మీద దాని పోటీదారు బస్సు పరుగెత్తేది. నాకు ఇది చాలా అన్యాయంగా తోస్తుంది.

కాచిగూడ చదువరి:

టికెట్టు ధర సంగతి కూడా కలపండి. ఖర్చు పెరిగిందని ధర పెంచుదామంటే జనం ఒప్పుకోరు. మద్రాసు ట్రాం ఆగిన 1953లోనే కలకత్తాలో రెండో తరగతి టికెట్టు ఒక్క పైసా పెంచితే ఊరంతా వీధికెక్కింది, ట్రాంలు తగలబడ్డాయి, చివరకు పెంపు వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ట్రాం పేదవాడి బండి కాబట్టి ఆ కోపం నాకు అర్థమవుతుంది. కలకత్తాలో చివరకు ప్రభుత్వమే 1967లో నిర్వహణనూ, 1976లో యాజమాన్యాన్నీ తీసుకోబట్టి అక్కడ ట్రాం బతికింది. మద్రాసులో అలాంటి చేయి అందలేదు. బొంబాయి ట్రాం 1964 మార్చి 31న ఆగిపోయింది.

మూసీతీరం:

ఇంతటి సమాచారం వస్తుందని నేను అనుకోలేదు. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న మాత్రం ఇంకా మిగిలే ఉంది. హైదరాబాదుకు ట్రాం ఎందుకు రాలేదు?

దోమల్‌గూడ:

ఇంతవరకు చదువుతూ ఊరుకున్నాను. పాతనగరం గురించి కొంత చదివినవాణ్ని కనుక నా ఊహ చెబుతాను, దీన్ని ఊహగానే తీసుకోండి.

బొంబాయి, కాన్పూరు, ఢిల్లీలకు కరెంటు ట్రాం వచ్చిన 1907, 1908 సంవత్సరాలను గమనించండి. 1908 సెప్టెంబరు 28న మన మూసీ ఉప్పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. వంతెనలు దెబ్బతిన్నాయి, పేటలకు పేటలే తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తరువాత ప్రభుత్వపు ధనం, శ్రద్ధ అటువైపే మళ్లాయి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు, 1912లో నగరాభివృద్ధి సంస్థను నెలకొల్పారు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఇతర నగరాలు వీధుల్లో పట్టాలు వేస్తున్న సంవత్సరాల్లో మన నగరం చెరువులు కట్టుకుంది, రోడ్లు వెడల్పు చేసుకుంది. హుస్సేన్‌సాగర్ గట్టున విద్యుత్ కేంద్రం వచ్చింది కూడా 1920లోనే. అంటే ట్రాంకు కావలసిన కరెంటు చేతికి వచ్చేసరికి ప్రపంచం మోటారు బస్సు వైపు తిరిగింది.

రెండో కారణం రైల్వే. 1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం రైల్వేను కంపెనీ చేతినుంచి తానే తీసుకుంది. రెండేళ్లకే, 1932 జూన్‌లో, ఆ రైల్వే ఆధ్వర్యంలోనే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. మద్రాసులో ట్రాం ఒక ప్రైవేటు కంపెనీ సొత్తు, బస్సు దానికి పోటీదారు. మనకు రైలు, బస్సు ఒకే ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. కొత్తగా పట్టాలు వేసి లాభం చూసుకోవలసిన అవసరం ఎవరికీ లేదు. బస్సు నంబరు పలకల మీది "జెడ్" అక్షరం నిజాం తల్లిగారైన జహ్రా బేగం పేరున వచ్చిందని పెద్దలు చెబుతారు, అది పిల్లలకు నచ్చే మాట.

కాబట్టి నిజాం దగ్గర సంపద ఉండి కూడా ట్రాం ఎందుకు రాలేదు అన్నది కాక, అది రావలసిన పదిహేను ఇరవై ఏళ్లలో ఊరు ఏ పనిలో ఉంది అన్నది చూడమని ఆ అమ్మాయికి చెప్పండి.

మూసీతీరం:

దోమల్‌గూడ గారూ, ఈ వివరణను తరగతిలో చదివి వినిపించాను. అది విన్నాక వెనుక బెంచీ అబ్బాయి ఒక ప్రశ్న వేశాడు. "పట్టాల్లో కరెంటు తిరిగి వెళ్తుందన్నారు కదా, మరి చెప్పులు లేకుండా పట్టాలు దాటేవాళ్లకు షాక్ కొట్టేది కాదా?" అని. పట్టాలబాట గారే దీనికి జవాబు చెప్పాలి.

పట్టాలబాట:

ఆ అబ్బాయికి నా ఆశీస్సులు చెప్పండి. పట్టా నేలకు ఆనుకుని ఉంటుంది, పట్టాకు పట్టాకు మధ్య అతుకుల దగ్గర రాగి తీగలు కలిపి ఉంటాయి, కాబట్టి పట్టాకూ నేలకూ మధ్య వోల్టేజీ తేడా చాలా కొద్దిగా ఉంటుంది. 500 వోల్టులు ఉండేది పై తీగకూ పట్టాకూ మధ్య. పట్టా మీదో నేల మీదో నిలబడి తీగను తాకితే ప్రాణాపాయం, అందుకే తీగను అంత ఎత్తున కట్టారు. అయితే ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1881లో బెర్లిన్ పక్కన లిఖ్టర్‌ఫెల్డెలో సీమెన్స్ నడిపిన మొట్టమొదటి కరెంటు ట్రాంకు పై తీగ లేదు. ఒక పట్టా కరెంటు తెచ్చేది, రెండో పట్టా తీసుకుపోయేది, వాటి మధ్య 180 వోల్టులు. రోడ్డు దాటే గుర్రాలు లాడాలతో రెండు పట్టాలనూ ఒకేసారి తొక్కి షాక్ తిన్నాయి. పక్కపక్కన రెండు బొమ్మలు గీయించండి, ఒకదాంట్లో కరెంటు దారి నేల మీద, రెండోదాంట్లో తలపైన. మన మెట్రో నెత్తిన ఉన్న తీగ ఆ రెండో బొమ్మ సంతతిదే, కాకపోతే అది 25,000 వోల్టుల ఏసీ.

మూసీతీరం:

చాలా సంతోషం. ఆ అబ్బాయి చేతనే ఆ రెండు బొమ్మలు వేయిస్తున్నాను. గుర్రాన్ని మాత్రం తనే గీస్తానని మొదట ప్రశ్న అడిగిన అమ్మాయి పట్టుబట్టింది.